కళ్ళజోడు మీద మసి

మా మాస్టారికి ఒకటే జబ్బు. గాజు కనబడితే జేబురుమాలు తీసి తుడిచేస్తారు. కిటికీ, గడియారం, ఎదుటివాళ్ళ ముక్కు మీది కళ్ళజోడు, దేన్నీ వదలరు. ఒకసారి బస్సులో పక్క సీటాయన కళ్ళజోడు లాగేసుకుంటే, పాపం ఆయన "దొంగ! దొంగ!" అని గోల పెట్టాడు.

"ఉండండి బాబూ, రెండో అద్దం ఇంకా కాలేదు," అన్నారు మాస్టారు.

తప్పు ఆయనది కాదు, మా పనిది. ఉక్కు గదిలో ఇంధనం మండుతుంటే, దానికున్న గాజు కిటికీలోంచి కెమెరాతో ఫొటోలు తీస్తాం. మంటలో ఎరుపెంత, ఆకుపచ్చెంత అని లెక్కగట్టి వేడి ఎన్ని డిగ్రీలో తేలుస్తాం. కిటికీకి కాస్త మసి పట్టిందా, లెక్క తలకిందులే.

"మంట అబద్ధమాడదమ్మాయ్, అద్దమే ఆడుతుంది," అని రోజుకు పదిసార్లు అనేవారు.

"పెళ్ళయి ముప్పయ్యేళ్ళు. నా మొహం ఎప్పుడైనా సరిగ్గా చూశారో లేదో గానీ, నా కళ్ళజోడు మాత్రం తళతళలాడుతోంది," అనేవారు వాళ్ళావిడ.

ఇంత విన్నదాన్ని నేనేం చేశాను? ఒక వారమంతా కిటికీ తుడవడం మరిచిపోయాను. ఆ వారం వేడి రెండొందల డిగ్రీలు తక్కువ చూపించింది. తెల్లారితే పరీక్షకుల ముందు నిలబడాలి. మూడేళ్ళ పరిశోధన, రావలసిన పట్టా, రెండూ వాళ్ళ చేతుల్లోనే ఉన్నాయి.

"ఆ వారం లెక్కలు తీసేస్తే ఎవరికి తెలుస్తుంది మాస్టారూ?"

"మసి తుడవాలమ్మాయ్. మసిపూసి మారేడుకాయ చెయ్యకూడదు. ఉన్నదున్నట్టు చెప్పేసెయ్."

"వాళ్ళ మొహాలు చూస్తే నాకు నోరు పెగలదండీ!"

"ఊఁ," అని గోడ గడియారం తుడవసాగారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎన్ని డిగ్రీలో ఆయనే చెప్పాలి.

మర్నాడు పరీక్షకులు ముగ్గురూ కూర్చున్నారు. నేను నోరు తెరిచానో లేదో, మాస్టారు లేచి వచ్చి నా కళ్ళజోడు ఊడబెరికారు.

"మాస్టారూ!"

"మసి పట్టిందమ్మాయ్. నువ్వు కానీ."

కళ్ళజోడు లేకపోతే నాకు మనుషులందరూ పిండిముద్దలే. ఎవరు మొహం చిట్లించారో, ఎవరు నవ్వారో తెలియదు. పిండిముద్దలకు భయమేమిటి? కిటికీ తుడవకపోవడం నా తప్పేనని, తుడిచిన వారాల్లో వేడి ఎంత వచ్చిందో, గంటసేపు గడగడా చెప్పేశాను.

"తప్పు దాచలేదు కాబట్టే మిగతా లెక్కలు నమ్ముతున్నాం," అంది మధ్యలో ఉన్న పిండిముద్ద. పట్టా వచ్చేసింది!

బయటికొచ్చాక కళ్ళజోడు పెట్టుకుంటే ఏమీ కనబడలేదు. అద్దాల నిండా వేలిముద్రలు. మాస్టారి జేబులో రుమాలు ఇస్త్రీ మడత విప్పకుండా అలాగే ఉంది.

"గంటసేపూ తుడవలేదా మాస్టారూ?"

"నీకు భయం పోయింది గానీ, నాకు పట్టుకుందమ్మాయ్. చేతిలో ఉన్న నీ అద్దాలనే గట్టిగా నలిపేశాను. ఇలా తే, తుడుస్తా."

"వద్దండీ," అన్నాను. తుడవబుద్ధి కాలేదు. అలాగే పెట్టుకుని, నంబరు తప్పు చదివి, వేరే బస్సెక్కి ఎక్కడికో పోయాను. పట్టా వచ్చిందంటే ఆయన చలవే. దారి తప్పానన్నా ఆయన చలవే.