క్వెట్టా ప్రయాణం, వయా ఖాలా ఇల్లు

ఊరు దాటి వెళ్లడమంటే ఆ కాలంలో మాకు చిన్న సంగతి కాదు. ఇప్పటి పిల్లలు పొద్దున ఢిల్లీలో టిఫిను తిని రాత్రికి ఇంట్లో పడుకుంటున్నారు. మేము పక్క తాలూకాకు వెళ్లాలన్నా పంచాంగం తీసేవాళ్లం. మా ఇల్లు యాకుత్‌పురాలో, నేను పనిచేసే మేవా దుకాణం, అంటే ఎండుపళ్ల కొట్టు, కార్వాన్‌లో. రోజూ పురానాపూల్ దాటి పోయి రావడం తప్ప, మీసం దిట్టంగా వచ్చేదాకా నేను వేరే యాత్ర ఎరగను. అలాంటి నన్ను ఒకనాడు సేటు పిలిచి, "క్వెట్టాల మా అన్న ఉన్నడు. నాలుగు దినాలు పోయి బాదం, అంగూర్ సరుకు ఎట్ల చూస్తరో నేర్చుకొని రా" అన్నాడు. కొండల మీద ఎడారి, ఆ ఎడారిలో ఊరు! దాన్ని చూడాలన్న కోరికతో నాకు అన్నం సహించలేదు. గల్లీలో కనబడ్డవాడికల్లా చెప్పేశాను.

అమ్మ మాత్రం ఏడుపు మొదలుపెట్టింది. నేను ఒక్కగానొక్క కొడుకును. "ఎడారంటే నీళ్లు గూడ దొరకయంట, ఎండకు మాడిపోతవ్ బిడ్డా" అంటూ పల్చటి ధోవతులు, వడదెబ్బకు విరుగుడుగా ఉల్లిగడ్డలు సర్దింది. ఇంతలో బాపు ఎవరో పఠాన్‌ను అడిగి వచ్చి, "ఏంది నువ్వు సర్దేది? ఆడ మంచు పడ్తదంట!" అన్నాడు. అమ్మ ధోవతులు తీయలేదు. వాటి మీద రజాయి, ఉన్ని కోటు పెట్టింది. (ఉల్లిగడ్డలూ ఉంచింది. ఎడారిని నమ్మలేమట.) నాలుగు రోజుల ప్రయాణానికి నా బట్టలన్నీ, ఉన్న ఒక్క జత చెప్పులతో సహా, ట్రంకుపెట్టెలోకి వెళ్లిపోయాయి.

పంతులుగారు చూస్తే మంచి గడియ గురువారం ఉంది, రైలేమో ఆదివారం. ఇలాంటప్పుడు ప్రస్థానం పెట్టడం మా ఆచారం. మంచి గడియలో సామాను తీసుకెళ్లి వేరేవాళ్ల ఇంట్లో పెడితే ప్రయాణం మొదలైనట్టే. మనిషి తీరిగ్గా తర్వాత బయలుదేరవచ్చు. అయితే అలా గడప దాటిన సామాను ప్రయాణం కాకుండా తిరిగి ఇంట్లోకి రాకూడదు. వస్తే కీడు. ఎదురింటి ఖాలా, అమ్మకు ప్రాణస్నేహితురాలు, "మా ఇంట్ల పెట్టు బహెన్, ఫికర్ జెయ్యకు" అంది. పెట్టె గల్లీకి ఈ పక్క నుంచి ఆ పక్కకు వెళ్లింది.

ఆదివారం రానే వచ్చింది. సేటు "ఒక వారం ఆగు" అన్నాడు. వారం ఆగితే ఇంకో వారం అన్నాడు. నా బట్టలు ఖాలా ఇంట్లో, నేను మా ఇంట్లో. పొద్దున్నే స్నానం చేసి, తువ్వాలు చుట్టుకుని, గల్లీ దాటి ఖాలా ఇంట్లో ముస్తాబై దుకాణానికి పోవాలి. సాయంత్రం అక్కడే అన్నీ విప్పి తువ్వాలుతో ఇల్లు చేరాలి. పాలవాళ్ల అబ్బాయి రోజూ ఆపి మరీ అడిగేవాడు: "ఏం భాయ్, క్వెట్టాల మౌసమ్ ఎట్లుంది?" మస్తు సిగ్గుపడేవాణ్ని. అయినా రేపో మాపో రైలెక్కుతానన్న ఆశ చావలేదు.

చివరికి సేటు చల్లగా, "ఆడ చలి ముదిరింది, సరుకు అయిపోయింది. ఇగ పోవుడేంది, ఇడిసిపెట్టు" అన్నాడు. నాకు నిజంగా ఏడుపొచ్చింది. అమ్మకు ఇంకో బెంగ పట్టుకుంది, పెట్టె ఇంటికి రావడమెట్లా అని. పంతులుగారే దారి చెప్పారు. సామానుతో రైలెక్కి, ఎంత దూరమైనా సరే, పోయి వస్తే దోషం లేదన్నారు.

అలా నేను యాకుత్‌పురా స్టేషన్‌లో, మా ఊళ్లోనే ఉన్న ఫలక్‌నుమాకు రైలెక్కాను. గల్లీ అంతా సాగనంపడానికి వచ్చింది. ఖాలా నా జబ్బకు, క్షేమంగా తిరిగి రావాలని కట్టే తాయెత్తు, ఇమామ్ జామిన్ కట్టి, "ఖుదా హాఫిజ్ బేటా, జాగ్రత్తగ పోయిరా" అని కళ్లు తుడుచుకుంది. అమ్మ ఆ ఎండలో ఉన్ని కోటు తొడిగించింది. చెమట ఆరకముందే ఫలక్‌నుమా వచ్చేసింది. దిగి పెట్టె మీద కూర్చుని, చుట్టూ ఉన్న బండరాళ్లను చూస్తూ, దారికోసం కట్టిచ్చిన పూరీలన్నీ తినేశాను. అవి అయిపోయేసరికి తిరుగు రైలు వచ్చింది.

ఇంటి ముందు అమ్మ ఎర్రనీళ్ల పళ్లెంతో నిలబడి ఉంది. దిష్టి తీసి, నా చెంపలు రెండు చేతుల్లోకి తీసుకుని, "ఎంత చిక్కిపోయినవ్ కొడకా!" అని బావురుమంది. గల్లీ అంతా పకపకా నవ్వింది. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను, అమ్మ నన్ను నవ్వులపాలు చేసిందన్న కోపంతో.

కొన్నేళ్లకు దేశం రెండుగా చీలి, క్వెట్టా వేరే దేశంలోకి పోయింది. ఇక చూడలేదు, చూడలేను. దాని బదులు వ్యాపారం పేరుతో బొంబాయి, కలకత్తా, మద్రాసు, ఎన్నిచోట్లకో తిరిగాను. నిజంగానే చిక్కి, జ్వరాలతో వచ్చిన రోజులూ ఉన్నాయి. తలుపు తీసినవాళ్లు, "వచ్చినవా, కాళ్లు కడుక్కో" అన్నారు. ఫలక్‌నుమా దాకా పోయి వచ్చినందుకు ఏడ్చిన మనిషి మాత్రం గడపలో లేదు. ఇప్పుడు నవ్వుతాను, ఆనాడు అంత కోపం తెచ్చుకున్న ఆ కోటు కుర్రాణ్ని చూసి.