అందరికంటే గట్టిగా నవ్విన పిల్ల

బ్లాక్‌టౌన్ స్టేషన్ దగ్గర ఫిలిప్పీన్స్ వాళ్ల కొట్టు ముందునుంచి వెళ్తుంటే, పంచదార పట్టించి వేయించిన అరటిపండు వాసన వస్తుంది. ఎవరికైనా నోరూరుతుంది. నాకు మాత్రం తల దించుకుని గబగబా దాటిపోవాలనిపిస్తుంది.

తొంభైల మొదట్లో మేం ఆ చుట్టుపక్కలే ఉండేవాళ్లం. అమ్మ ఆస్పత్రిలో నర్సు కావడంతో, బడి వదిలాక నేను నా క్లాసులోనే చదివే మారిసెల్‌తో వాళ్లింటికి వెళ్లేదాన్ని. మారిసెల్ అమ్మమ్మను మేమిద్దరం లోలా అనేవాళ్లం. వాళ్ల భాషలో అమ్మమ్మ అని అర్థం. కాలాలు తలకిందులుగా వచ్చే ఈ దేశంలో ఫిబ్రవరి ఎండకు ఇంటి రేకులు చిటపటమంటుంటే, జూన్ చలికి మోకాళ్ల మీద దుప్పటి కప్పుకుని, ఏ కాలమైనా లోలా వేయించిన ఆ అరటిపండు చుట్టలు నములుతూ, మనీలా నుంచి ఎవరో పంపిన వీడియో క్యాసెట్ చూసేవాళ్లం. అందులో వాళ్ల జానపద కథలన్నీ బొమ్మల సినిమాలుగా ఉండేవి. ఇక్కడి టీవీకి ఆ క్యాసెట్ సరిపడక బొమ్మ నలుపు తెలుపుల్లో వణుకుతూ వచ్చేది. లోలా పక్కన కూర్చుని, ఆ పిల్ల గౌను ఎరుపు, ఆ కొండ నీలం అని వచ్చీరాని ఇంగ్లీషులో రంగులు చెప్పేది.

మాకు బాగా ఇష్టమైంది అనాసపండు కథ. తల్లి జ్వరంతో పడుకుని గంజి కాయమంటే, బద్ధకపు కూతురు గరిటె కనపడలేదంటుంది. తల్లి విసిగిపోయి, ఒళ్లంతా కళ్లు మొలిస్తే అప్పుడైనా కనపడుతుందిలే అంటుంది. పిల్ల మాయమై, పెరట్లో ఒళ్లంతా కళ్లతో అనాసపండు కాస్తుంది. పెద్దల మాట వినాలని చివర నీతి చెప్పేవారు. లోలా మాత్రం టేపు ఆపి, తల్లిది కూడా తప్పేననీ, ఆ మాట అన్నందుకు ఆమె బతికినంతకాలం ఏడ్చిందనీ చెప్పేది.

ఒకసారి ఇళ్లలోంచి ఏదైనా తెచ్చి చూపించమని మిస్ చెబితే, మారిసెల్ ఆ క్యాసెట్ తెచ్చింది. లోలా చర్చికి వేసుకునే గౌనులో వచ్చి వెనక కుర్చీలో కూర్చుంది. బొమ్మ వణకడం మొదలవగానే ఎవరో కిసుక్కుమన్నారు. అప్పటికే నా డబ్బాలో పులిహోరను చూసి ముక్కు మూసుకునే పిల్లలు వాళ్లు. వాళ్ల చూపు నావైపు తిరగకముందే నేను నవ్వాను, అందరికంటే గట్టిగా. ఇంగ్లీషులో కథ చెబుతున్న మారిసెల్ మాటలు తడబడుతుంటే మిస్ నన్ను అడిగింది, నీకీ కథ తెలుసా, కాస్త సాయం చేస్తావా అని.

"లేదు మిస్. నేనెప్పుడూ చూడలేదు." వెనకున్న లోలాకు వినపడనంత మెల్లగా అన్నాను.

ఎన్నిసార్లు చూశానో నాకే లెక్క తెలియని కథ అది. మారిసెల్ నావైపు చూసింది. తర్వాత మిగతా కథంతా ఒక్కతే చెప్పుకుంది.

ఆ సాయంత్రం అమ్మ నన్ను తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు, లోలా ఆమె రెండు చేతులూ పట్టుకుని సంతోషంగా ఏదో చెప్పింది. అమ్మ దారిలో నాతో అంది: "క్లాసులో అందరికంటే నువ్వే సంతోషపడి నవ్వావంట గదా. ఆ మామ్మ ఎంత మురిసిపోతందో."

లోలా ఆ మాటలు చెబుతున్నంతసేపూ మారిసెల్ గుమ్మంలోనే నిలబడి ఉంది. మరునాటినుంచి నేను కడుపునొప్పి అనో, హోంవర్కు అనో మా ఇంట్లోనే ఉండిపోయాను. ఏడాది తిరక్కుండానే వాళ్లు దేశానికి ఆ చివరున్న పెర్త్ వెళ్లిపోయారు.

ఇప్పుడక్కడ ఆ రేకుల ఇల్లు లేదు, రెండంతస్తుల జంట ఇళ్లు లేచాయి. వీడియో క్యాసెట్ అంటే ఏమిటో మా అమ్మాయికి తెలియదు. పోయినేడాది లోలా పోయిందని చర్చిలో విని అమ్మ చెబితే, నంబరు సంపాదించి, పెర్త్‌లోనే హారిస్‌డేల్‌లో ఉంటున్న మారిసెల్‌కు ఫోన్ చేశాను. చివరిదాకా లోలా నన్ను తలుచుకునేదట, అంత చక్కగా నవ్విన పిల్ల ఎలా ఉందో అని. ఆ రోజు నేను నవ్వింది సంతోషపడి కాదని, ముప్పై ఏళ్లు దాచుకున్న మాట ఎలాగో బయటపెట్టాను.

మారిసెల్ నెమ్మదిగా అంది: "నాకు తెలుసు. లోలాకి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు."