తెల్ల కండువాకు నాలుగు పసుపు కొసలు

చలికాలంలో ఒడిశా కొండల్లోని చంద్రగిరి టిబెట్ కాలనీ నుంచి ఒక టిబెట్ ఆవిడ బరంపురం వచ్చి మా బట్టల కొట్టు ముందు స్వెట్టర్లు అమ్మేది. సాయంత్రం మూటలు మా కొట్లోనే దాచుకునేది. ఒక ఏడు తిరిగి వెళ్తూ తాతయ్య మెడలో తెల్లని పట్టు కండువా వేసి దణ్ణం పెట్టింది.

తాతయ్య ఆ కండువాతోనే ఇంటికొచ్చాడు. నాయనమ్మ గుమ్మంలోనే ఆపేసింది.

"బతికున్నోడి మీద కొత్త తెల్లగుడ్డ కప్పిందా? దానికి మనమేటి అన్నాయం సేసినాం?"

"దీవెనటే. ఆల్ల బుద్ధుడి మతంలో తెలుపంటే మంచి మనసట."

"ఆల్లకి మంచిదే. మరి నా బొట్టు మాటేటి?"

తాతయ్య పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ తెల్ల పంచే కడుతున్నాడని, ఏ యముడూ వచ్చి వాకబు చేయలేదని గుర్తుచేశాను.

"కొసలకి పసుపెట్టకుండా ఏ పంచె కట్టనిచ్చినాను?" అంది.

కండువా నాలుగు కొసలకూ పసుపు రాసి గాని ఆయన్ని లోపలికి రానివ్వలేదు. ఆ తర్వాత కూడా ఆయన దగ్గినప్పుడల్లా కండువా వైపు అనుమానంగా చూసేది.

మరుసటి చలికాలానికి టిబెట్ ఆవిడ మళ్లీ వచ్చింది. తాతయ్య మర్యాదకు అదే కండువా వేసుకుని ఎదురెళ్లాడు. ఆవిడ పసుపు కొసలు పట్టుకుని చాలాసేపు చూసి, దీంతో కూరగిన్నె దించారా అని నన్ను ఒడియాలో మెల్లగా అడిగింది.

ఇంటికెళ్లి నాయనమ్మకు చెప్పాను.

"ఏటనుకుంటే నాకేటి? మనిషి నిలబడే ఉన్నాడు గదా, సూసుకోమను."