గాదె గదిలో దాచిన జబ్బు

కరోనా రెండోసారి ఊళ్ల మీద పడిన వేసవి నుంచి నేనొక మాట మోస్తున్నాను. దించడానికి చోటు దొరకలేదని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. అది పూర్తి నిజం కాదు. దించాలంటే నడుము వంచాలి. మా ఇంటి మగవాళ్లకి అది చేతకాదు.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనవసరం లేదు. నెల్లిమర్లకు దగ్గరలో ఒక ఊరు, ఆ ఊళ్లో సగం కప్పు కూలిన ఒక మేడ, మిగిలిన సగంలో నేనూ నా భార్యా. ఇంతవరకు తెలిస్తే చాలు.

ముందు సంతోషమే చెబుతాను. ఎందుకంటే నా చేత ఇది రాయిస్తున్నది ఆ సంతోషమే.

ఈ వేసవిలో ఒకరోజు వరండాలో కూర్చుని పేపరు చదువుతున్నాను. ఎక్కడి నుంచో ఏదో వచ్చి ముక్కులో పొడిచింది. తుమ్ము అనుకున్నాను. కాదు. లేచి వంటింట్లోకి వెళ్లాను. నా భార్య చారు తాలింపు పెడుతోంది. "ఇంగువ!" అని అరిచాను. ఆవిడ గరిటె పట్టుకుని నన్ను వింతగా చూసి, "ఎప్పుడూ వేసేదే కదండీ, ఇవాళ కొత్తేముంది?" అంది. ఆ సాయంత్రం ఇల్లంతా తిరుగుతూ ఒక్కొక్క వస్తువూ వాసన చూశాను. కొబ్బరినూనె సీసా, పాత దుప్పటి, తడిసిన సున్నపు గోడ. పశువుల పాక దగ్గర నిలబడి గట్టిగా ఊపిరి పీల్చి నాలో నేనే నవ్వుకున్నాను. పేడ వాసనకి పొంగిపోయే మనిషిని మీరెప్పుడైనా చూశారా? నేను ఆ మనిషిని.

అవును. ఆ రెండో వేసవిలో పోయిన నా వాసన ఇన్నేళ్లకు తిరిగి వచ్చింది. పోయిన సంగతి ఎవరికీ తెలియదు. నా భార్యకు కూడా. ఎందుకు దాచానో తెలియాలంటే మా ఇంటి ముక్కు గురించి చెప్పాలి.

మా తాతగారి నాటికే పొలాలు కరగడం మొదలైంది. మా నాన్నగారి నాటికి బండి పోయింది, బండి లాగే గుర్రం పోయింది, చివరికి గుర్రపుశాల తలుపులు కూడా పోయాయి. నాకు మిగిలింది ఒక మామిడితోట, ఒక ముక్కు. మా తోట సువర్ణరేఖ పళ్లు గాదె గదిలో మగ్గుతాయి. ఒకప్పుడు ధాన్యం నిండి ఉండే గది. కిటికీ లేదు. కింద వరిగడ్డి పరిచి, కాయలు పేర్చి, మళ్లీ గడ్డి కప్పుతారు. పళ్లు పండాయో లేదో తేల్చేది ఇంటిపెద్ద. చేత్తో నొక్కకూడదు, గడ్డి తీసి చూడకూడదు. ఒంటరిగా లోపలికి వెళ్లి, తలుపు మూసుకుని, ఊపిరి పీల్చి చెప్పాలి. "పండాయి" అంటే తోటపని చేసినవాళ్లందరూ లోపలికి వస్తారు. అప్పుడు వాసన పంచడం. ఇంటిపెద్ద ఒక్కొక్క పండూ తన ముక్కుకి ఆనించి, ఎదుటివారి చేతిలో పెడతాడు. వాళ్లు అదే పండు తమ ముక్కుకి ఆనించుకుని, కళ్లకద్దుకుంటారు. మూడు తరాలుగా మా ముక్కు తప్పలేదని ఊళ్లో పేరు.

ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఆ వేసవిలో నాకు బీపీ మాత్రలు అయిపోయాయి. నేను చూపించుకునే డాక్టరు క్లినిక్ మూసేశాడు. పెద్దాసుపత్రిలో కరోనా తప్ప ఇంకో జబ్బు చూడటం లేదు. నెల్లిమర్లలో మందుల షాపు ముందు జనంలో చాలాసేపు నిలబడి మాత్రలు తెచ్చుకున్నాను. తరువాత కొద్దిగా ఒళ్లు వెచ్చబడింది. ఎండదెబ్బ అనుకున్నాను. నా భార్య అప్పుడు విశాఖపట్నంలో మా అమ్మాయి దగ్గర చిక్కుకుపోయింది. మజ్జిగ తాగి పడుకుంటే జ్వరం తగ్గింది. గాదె గది తెరిచే రోజు వచ్చింది.

లోపలికి వెళ్లి తలుపు మూశాను. ఊపిరి పీల్చాను. ఏమీ లేదు. మళ్లీ పీల్చాను. గది నిండా పళ్లు, నా ముక్కులో ఖాళీ. వాసన పోతే ఏమిటో అప్పటికి ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నాకు తెలియలేదని చెప్పను. తెలిసింది. ఆ చీకట్లో స్పష్టంగా తెలిసింది.

అప్పుడు బయటికి వచ్చి ఏం చెప్పాలి? "నాకు జబ్బు ఉంది, దూరంగా వెళ్లండి" అనాలి. అంటే ఏమవుతుంది? పంచాయతీవాళ్లు వచ్చి మా గేటుకి అడ్డంగా వెదురుకర్రలు కడతారు. మా తాతగారు గవర్నరుకి స్వాగతం చెప్పిన గేటు అది. దానికి కర్రలు. పైగా మా ముక్కు పోయిందని ఊరంతా చెప్పుకుంటారు. నేను ఆలోచించింది ఇవే. ప్రాణాల గురించి ఆలోచించలేదా? ఆలోచించాను. తరువాత. ముందు గేటు, ఆ తరువాతే ప్రాణాలు. ఈ వరస మార్చి రాస్తే బాగుంటుందని ఇప్పుడు కూడా చెయ్యి లాగుతోంది. మార్చను.

తలుపు తీసి, "పండాయి" అన్నాను.

అందరూ లోపలికి వచ్చారు. మాస్కులు గడ్డం కిందికి లాగారు, లేకపోతే వాసన ఎలా చూస్తారు? మొదటి పండు సూరమ్మది. మా తోటలో నా చిన్నప్పటి నుంచి పనిచేస్తున్న మనిషి, వయసులో అందరికంటే పెద్దది, ఆయాసం ఉన్న మనిషి. పండు నా ముక్కుకి ఆనించి ఆమె చేతిలో పెట్టాను. ఆమె కళ్లు మూసుకుని పీల్చి, "సచ్చిపోయినోడు కూడా లేసి కూకుంతాడు బాబూ" అంది. ఏటా అనే మాటే. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

కొద్దిరోజులకు సూరమ్మకు ఆయాసం ఎక్కువైంది. ఆమె అల్లుడు అప్పలస్వామి కొత్తవలసలో ఆటో నడుపుతాడు. అల్లుడంటే పరాయివాడు కాదు, సొంత తమ్ముడి కొడుకే. పళ్లు పంచిన రోజున ఆమెకు ఊళ్లో దొరకని ఆయాసం మందు కొత్తవలసలో వెతికి తెచ్చి ఇచ్చి వెళ్లాడు. ఇప్పుడు కబురు అందగానే ఆటో వేసుకొచ్చాడు. అతని భార్య పైడితల్లి, తల్లి సూరమ్మను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆటో మా గేటు ముందు ఆగింది, పెద్దాసుపత్రిలో ఎవరికైనా ఫోన్ చేస్తానేమోనని. ఊరివాళ్లు దూరంగా గుంపు కట్టారు. సూరమ్మ ఊపిరి అందకపోయినా నోరు ఆపలేదు.

"బాబూ, నువ్వే సెప్పు. ఈడే కదా అంటించీసినాడు? కొత్తవలస నుంచి మందు తెచ్చినాడో, రోగం తెచ్చినాడో."

"నాను బాగానే ఉన్నానత్తా. దగ్గైనా నేదు," అన్నాడు అప్పలస్వామి.

అందరూ నా వైపు చూశారు. నేను గేటుకి ఇవతల నిటారుగా నిలబడి, "రైలు జంక్షన్ ఊరు కదా, అక్కడ ఎక్కువగానే ఉందంటున్నారు," అన్నాను.

అంతే. ఒక్క వాక్యం. అబద్ధం కూడా కాదు. ఎంత మర్యాదగా చెప్పానో! గుంపులో ఎవరో "అదీ సంగతి" అన్నారు. అప్పలస్వామి నన్నొకసారి చూసి ఆటో స్టార్ట్ చేశాడు. నేను ఫోన్ చేశాను. ఎవరూ ఎత్తలేదు.

ఆ రోజు ఒక ఆసుపత్రిలో టెస్టు కాగితం ఉంటేనే చూస్తామన్నారట. ఇంకోచోట మంచాలు లేవన్నారట. అప్పలస్వామి ఆమెను విజయనగరమంతా తిప్పి, చివరికి ఒక చిన్న నర్సింగ్ హోమ్ వరండాలో ఆక్సిజన్ పెట్టించాడు. ఆమె ఊపిరి నిలబెట్టిన మనిషే ఆమె దృష్టిలో ఊపిరి తీసినవాడయ్యాడు.

సూరమ్మ బతికింది. ఎలా బతికిందనుకున్నారు! ఆక్సిజన్ గొట్టం చూసి, "నన్నేటి ఎద్దనుకున్నారేటి, ఈ ముక్కుతాడు తీసీండి" అని నర్సుల మీద పడిందట. డాక్టరు గంజి తాగమంటే ఎండుచేపల పులుసు అడిగిందట. అదే ఆటోలో ఊళ్లోకి తిరిగి వచ్చినప్పుడు జనం దూరంగా నిలబడి చప్పట్లు కొట్టారు. నేను మేడమీద నిలబడి కొట్టాను. ఆ చప్పట్లలో నా అంత గట్టిగా కొట్టినవాడు లేడు. పెద్దమనసు అనుకున్నారు అందరూ.

ఆటో దిగగానే ఆమె అల్లుడితో, "ఇంక నా గుమ్మం తొక్కకు" అంది. అన్నమాట నిలబెట్టుకుంది. పైడితల్లి, పిల్లలు పుట్టింటికి వస్తే అతను ఆటో వాటర్ ట్యాంకు నీడలో పెట్టుకుని అక్కడే తింటాడు. అత్తగారి వీధిలో అల్లుడు ఆటోలో తినడం మా వైపు ఎంత చిన్నతనమో మీకు చెప్పనక్కరలేదు. ఊరు మొదట జాలిపడింది, తరువాత నవ్వింది, తరువాత అలవాటుపడింది.

నేను అలవాటుపడ్డానా? పడ్డాను. ఏటా గాదె గదిలోకి వెళ్లి తలుపు మూసుకుని కాసేపు నిలబడి వచ్చేవాణ్ణి. వెళ్లేముందు తలుపు దగ్గర నిలబడ్డవాళ్ల ముక్కుపుటాలు గమనించేవాణ్ణి. అవి కదిలితే పండాయని అర్థం. ఒక సంవత్సరం అందరికీ జలుబు. ఎవరి ముక్కూ కదల్లేదు. ధైర్యం చేసి "పండాయి" అన్నాను. పళ్లన్నీ పులుపు. ఒక్కరూ నోరెత్తలేదు. సూరమ్మ మొహం చిట్లించి, "పులుపే మంచిది బాబూ, నోరు బాగుపడతాది" అంది. ఆ రాత్రి నాకు నవ్వు ఆగలేదు.

నా వల్లే ఆమెకు అంటిందని రుజువేమిటి? ఈ ప్రశ్న నాకు చాలా ఏళ్లు ఆసరాగా ఉంది. ఆమెకు ఏ కిరాణా షాపులోనో అంటి ఉండవచ్చు, ఇంకెవరి వల్లనో కావచ్చు, నిజంగా అల్లుడి వల్లే కావచ్చు. ఆ మాటకొస్తే నేను ఇంకెంతమందికి అంటించానో కూడా తెలియదు. కావచ్చు, కాకపోవచ్చు. కానీ గేటు దగ్గర ఆమె అడిగినప్పుడు ఆ "కావచ్చు"లో నా పేరు ఎందుకు చెప్పలేదు? దీనికి మాత్రం రెండు జవాబులు లేవు.

ఈ సంవత్సరం తలుపు మూసుకుని గాదె గదిలో నిలబడ్డాను. వాసన వచ్చింది. తేనెలా, గడ్డిలా, మా నాన్నగారి పైపంచెలా వచ్చింది. గోడకి చెయ్యి ఆనించి ఏడ్చాను, నవ్వాను, రెండూ కలిసిపోయాయి. బయట సూరమ్మ, "బాబు లోపలే తినీస్తన్నాడేటి?" అంటోంది. ఇంత సంతోషం నాకు ఎవరి వాటా నుంచి వచ్చింది? ఆ ప్రశ్న నన్ను తలుపు తీయించింది. ఈసారి పళ్లు నా ముక్కుకి ఆనించలేదు. బుట్ట వాళ్ల ముందు పెట్టి, తీసుకోమని చెప్పి, వాటర్ ట్యాంకు వైపు నడిచాను.

పళ్ల రోజని పైడితల్లి, పిల్లలు పుట్టింటికి వచ్చారు; అప్పలస్వామి ఆటోలో ఒళ్లో గిన్నె పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి దిగబోయాడు. వద్దన్నాను. నిలబడి మొత్తం చెప్పాను. జ్వరం, వాసన, "పండాయి", గేటు దగ్గర మాట. అతను విని గిన్నె మీద మూత పెట్టాడు.

"ఆరోజు సెప్పీసుంటే మీ గేటుకి ఓ రెండు వారాలు కర్రలు కట్టీవోరు బాబూ. మీరు సెప్పనేదు. మా అత్త గుమ్మానికి నాకోసం ఆ కర్రలే ఇన్నేళ్లు కట్టీసి ఉంచినారు."

"పద, ఆమెతో కూడా చెబుతాను," అన్నాను.

"నాను రాను. పిలిస్తే వస్తాను. పిలవాల్సింది మీరు కాదు."

సూరమ్మ అప్పటికి ఇల్లు చేరింది. నేను ఒక్కణ్ణే వెళ్లి, వాకిట్లో నిలబడి, అదే మాట మళ్లీ చెప్పాను. రెండోసారి సులువవుతుందనుకున్నాను. కాలేదు.

"అంటే మావోడు కాదేటి?"

"అతనే అని ఊరిచేత నేను అనిపించాను. ఆరోజు జబ్బు ఉన్నది నాకు."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. తిడుతుందనుకున్నాను, తిట్టాలని కోరుకున్నాను కూడా. ఆమె నన్ను దాటుకుని వీధిలోకి వెళ్లి, నడుం మీద చేతులు పెట్టుకుని కేకేసింది.

"ఒరే అప్పలసామీ! నోట్లో నాలిక నేదేటిరా నీకు? నాను కాదత్తా అని గట్టిగా అరవనేకపోనావా?"

ట్యాంకు దగ్గర నుంచి జవాబు వచ్చింది. "అరిసినానత్తా! నువ్వు ముక్కుతాడు పెట్టుకునున్నావు, ఇనిపించనేదు!"

వీధంతా గొల్లుమంది. పైడితల్లి నవ్వుతూ కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. అప్పలస్వామి గిన్నె పట్టుకుని వచ్చాడు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాడు. సూరమ్మ అతని చేతిలో గిన్నె లాక్కుని, "ఇది కుక్కకెట్టు, లోపల ఏడేడి అన్నం ఉన్నాది" అంది. అతను వంగి లోపలికి వెళ్లాడు.

ఆమె వెళ్లబోతూ నా వైపు తిరిగింది. "నీకు ఏటి సెప్పాలో నాకు తెలీదు బాబూ. ఇప్పుడు తెలీదు. ఆడికి వడ్డించాల, ఎల్లనీ."

వెళ్లింది. లోపల పీట వాల్చిన చప్పుడు, గరిటె చప్పుడు, "ఇంకొంచెం ఎయ్యత్తా" అనే మాట, పిల్లల కేకలు. ఆ ఇంటి వాకిట్లో నేను అడుగు పెడితే ఎవరో ఒకరు కుర్చీ తుడిచి వెయ్యడం ఆనవాయితీ. ఈసారి ఎవరూ నన్ను కూర్చోమనలేదు. చాలాసేపు ఎండలో నిలబడే ఉన్నాను. ఇన్నేళ్లలో అంత హాయిగా నేనెక్కడా నిలబడలేదు.