సెలవురోజు మందు

ఇరవై రెండేళ్లుగా ఆ వీధిలో గడ్డాలు గీస్తూ, తలలకు రంగులేస్తున్న మనిషిని అందరూ మెత్తచెయ్యి అంటారు. కత్తి తగిలినట్టే ఉండదని ఆ పేరు. అలాంటి చేతికి వేళ్ల సందుల్లో దద్దుర్లు లేచి, మణికట్టు దాకా పాకాయి.

"అంటుకునేదేనా?" అద్దంలోంచే అడిగాడు రోజూ వచ్చే రిటైర్డు గుమాస్తా.

"మీకంత అదృష్టం కూడానా?"

ఇద్దరూ నవ్వారు. మర్నాడు గుమాస్తా ఎదురు షాపులో కూర్చున్నాడు. వారం తిరక్కుండా మరో ఐదుగురు అటే నడిచారు.

షాపు వెనకే ఇల్లు. తల్లి పెరటి ఆకుల పసరు నూనెలో కాచి, తేనెమైనం కలిపి డబ్బాలో పోసింది.

"మూడు పూటలా రాయరా."

"జిడ్డుచేత్తో కత్తి పడితే పీక మీదికొస్తుందమ్మా. నా పీక కాదు, ఎదుటివాడిది."

అందుకని షాపుకు సెలవైన మంగళవారమే రాసుకునేవాడు. గంటలో మంట చల్లారేది. సాయంత్రానికి ఎరుపు తగ్గేది. గురువారానికి మళ్లీ మొదలు.

"వారానికొక్కసారికే ఇంత గుణం. నా మాట వింటే ఈపాటికి మాయమయ్యేది," అనేది తల్లి.

ఒక మంగళవారం ఆవిడే తల చూపించింది. "ముగ్గుబుట్టయిపోయిందిరా, కాస్త రంగెయ్యి." పొద్దున రాసుకున్న మందు తుడుచుకొని రంగు కలిపాడు. బ్రష్షు ముట్టడు. జుట్టు వేళ్లకు తెలియాలంటాడు. పాయపాయకూ చేత్తోనే పట్టించాడు. దీపాలు పెట్టేవేళకు చెయ్యి మిరపపండయింది.

తల్లి డబ్బా మూత తీసి వాసన చూసింది. "మైనం పాతది."

భార్య డబ్బా వైపు చూడలేదు, అత్తగారి నల్లటి జుట్టు వైపు చూసింది. "మంగళవారం మందు రాస్తున్నారు. మంగళవారం రంగు ముట్టరు. ఇవాళ రెండూ అయ్యాయి. షాపులో ఈ కొత్తరకం రంగు మొదలెట్టి ఎన్నాళ్లయింది?"

"రెండు నెలలు," అన్నాడతను. దద్దుర్లకూ అంతే వయసు.

"అయితే నా మందు ఉత్తదేనంటావా?"

"చల్లగా ఉంటుంది కదత్తయ్యా. కాకపోతే పొయ్యి ఆర్పకుండా పొంగు మీద నీళ్లు చల్లుతున్నాం."

మెత్తచెయ్యి పాత రంగుకు మళ్లాడు, రబ్బరు తొడుగులు కూడా కొన్నాడు. వాటితో తల పట్టుకుంటే గుమ్మడికాయ పట్టుకున్నట్టుందని సణిగాడు. మూడు వారాలకు చర్మం తేటపడింది. గుమాస్తా తిరిగొచ్చి, చేతులు తిప్పి చూశాకే గడ్డం పైకెత్తాడు.

"ఏం మందు వాడావయ్యా?"

కత్తి ఒక క్షణం ఆగింది. తలుపు వెనక తల్లి ఉంది.

"మా అమ్మ చేసిందండీ."

"నాకూ మెడ దురద. ఒక డబ్బా ఇప్పించు."

లోపల ఆవిడ అప్పటికే గిన్నె పొయ్యి మీద పెట్టింది. ఈసారి కొత్త మైనం.