ఏడో ఉదాహరణ

మా అన్నయ్య ముప్పయ్యేళ్లు యూనివర్సిటీలో నీతిశాస్త్రం చెప్పాడు. ఆస్పత్రిలో రోగి చీటీ ఎవరు చూడొచ్చు, కంప్యూటర్లో దాచిన మన వివరాలు ఎవరి సొత్తు, అదీ వరస. నా పేరుతో వచ్చిన కవరు చించి ఎరగడు. అంత చాదస్తం.

అందుకే నా ఎడమ చెవి పోయిందని అన్నయ్య ఒక్కడికే చెప్పాను. నేను బడిలో సంగీతం టీచర్ని. ఈ సంగతి బయటపడితే పాఠం చెప్పనివ్వరు.

రిటైరయ్యే ముందు అన్నయ్య విద్యార్థుల కోసం పుస్తకం రాశాడు. అందులో ఏడో ఉదాహరణ నేనే! పేరు తీసేశాడు, ఊరు మార్చాడు, సంగీతం టీచర్ని లెక్కల టీచర్ని చేశాడు. "మెల్లగా మాట్లాడే పిల్లల్ని కుడిపక్క కూర్చోబెట్టుకుంటుంది" అన్న ముక్క మాత్రం ఉంచేశాడు. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోను?

మా హెడ్మిస్ట్రెస్ సాయంత్రం కాలేజీలో ఆ పుస్తకమే చదువుతోంది. ఒకరోజు నా క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుని, నా కుడిపక్క పిల్లల్ని చూసి, లేచి వెళ్లిపోయింది. బడి వదలగానే అన్నయ్య ఇంటికి పరిగెత్తాను.

"నన్నొక మాట అడగాలనిపించలేదా?"

"ఎవరూ గుర్తుపట్టరనుకున్నానే. అది తీసేస్తే ఉదాహరణలో ప్రాణం ఉండదని..."

"మరి నా ప్రాణం?"

ఇంతలో అన్నయ్యకి ఫోన్. హెడ్మిస్ట్రెస్సే. అన్నయ్య స్పీకర్ పెట్టాడు.

"సార్, ఏడో ఉదాహరణలో ఉన్నది మీ చెల్లెలేనా అండి?"

కాదను, కాదను అని చేతులు జోడించాను. అన్నయ్యేమో పుట్టి బుద్ధెరిగాక అబద్ధమాడని మనిషి. ఇంకొకరి గుట్టు గురించి నిజం చెప్పే హక్కు లేదని పుస్తకంలో రాసిందీ తనే.

"ఎవరి గురించీ చెప్పకూడదమ్మా," అన్నాడు.

"అర్థమైంది సార్," అని ఆవిడ పెట్టేసింది.

"నేను చెప్పలేదే," అన్నాడు అన్నయ్య ఏడుపు గొంతుతో.

సోమవారం నన్ను బడి లైబ్రరీకి మార్చారు. పుస్తకం వెనక్కి తెప్పించమని అన్నయ్య ప్రచురణకర్తలకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తున్నాడు. ఏడో ఉదాహరణ ఈసారి పరీక్షలో కూడా వచ్చిందట.

మెల్లగా మాట్లాడే పిల్లలు ఇప్పటికీ నా కుడిపక్కకే వస్తారు. పాట చెప్పండి టీచర్ అంటారు. ఇక్కడ మాట్లాడకూడదన్న బోర్డు చూపిస్తాను.