స్పీడు బోటుకు తాండూరు బండ

తాండూరు నుంచి సముద్రం ఎటు పోయినా చాలా దూరం. మా దగ్గర నేల తవ్వితే దొరికేది రాయి. దాన్నే కోసి, నునుపు చేసి, లారీలకెత్తి ఊళ్లకు పంపుతాం. అలాంటి చోట పుట్టి పెరిగి, చేతిలో పానా పట్టుకుని, ఒక స్పీడు బోటును పట్టపగలు నలుగురి ముందు ముంచేసిన మెకానిక్ ఎవరని మీరడిగితే ఎక్కువ వెతకనక్కర్లేదు. ఆ ఘనుణ్ని నేనే. ఎలా ముంచానో దాచకుండా చెప్తాను. మధ్యలో నవ్వొస్తే నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఇంట్లోవాళ్లు ఎనిమిదేళ్లుగా నవ్వుతూనే ఉన్నారు.

మాది పెద్దేముల్. మేకల మందను వదిలి ఇంజిన్ల వెంట పడ్డవాణ్ని మా ఇంట్లో నేనొక్కణ్నే. తాండూరులో కరీం ఉస్తాద్ షెడ్డులో అప్పటికి ఏడేళ్లుగా పనిచేస్తున్నాను. బండలు పాలిష్ చేసే యూనిట్ల జనరేటర్లు, గనుల్లో నీళ్లు తోడే ఇంజిన్లు, అన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా ఒక ఇంజిన్‌ను ఒంటరిగా విప్పి, బాగుచేసి, బిగించి, నడిపి చూపించేదాకా వాణ్ని పేరుతోనే పిలుస్తారు. అది చేసి చూపించిన రోజు కరీం ఉస్తాద్ తనే, నలుగురి ముందు, వాణ్ని ‘ఉస్తాద్’ అంటాడు. ఇక ఊరంతా అలాగే పిలుస్తుంది. నాకు ఇరవై ఆరేళ్లొచ్చినా నేనింకా ‘అరె నర్సిములు’ దగ్గరే ఉన్నాను. ఆ ఒక్క పిలుపు కోసం ఎంత తపించానో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. కానీ తపించాను.

ఒకరోజు శ్రీనివాస్ సార్ డీసీఎం వ్యానులో ఒక ఇంజిన్ వేసుకుని వచ్చాడు. ఆయనకు వికారాబాద్ దగ్గర చెరువు ఒడ్డున రిసార్టు ఉంది. టార్పాలిన్ తీస్తే ఎనిమిది సిలిండర్ల పెట్రోలు ఇంజిన్. పక్కనున్న జీపు ఇంజిన్ దాని ముందు చంటిపిల్లలా కనిపించింది.

“బొంబాయికెల్లి పాత బోటు తెచ్చిన ఉస్తాద్,” అన్నాడు సార్. “ఇద్దరు కూసుంటే పోతది. ఆరుగురు ఎక్కితే గుంజలేక గుంజలేక పోతది. మొత్తం ఇప్పి చెయ్యాలె. పాతదానికంటె మస్తు దమ్ము రావాలె. దసరా సెలవులల్ల జనం వస్తరు.”

ఉస్తాద్ ఇంజిన్ చుట్టూ ఒకసారి తిరిగాడు. “నా మోకాళ్లు పనిచేస్తలేవు సార్. గీ పని నర్సిములు చేస్తడు. నేను పానా ముట్ట.”

సార్ నా వైపు అనుమానంగా చూశాడు. “ఈయన ఎన్నడన్న బోటు ఇంజిన్ చేసిండా?”

“ఇంజిన్‌కు నేలేంది, నీళ్లేంది సార్,” అన్నాను నేను. అంతకంటే తెలివితక్కువ మాట నేను మళ్లీ అనలేదు.

పని మాత్రం బాగా చేశాను. అది చెప్పుకోకపోతే నాకు అన్యాయం జరుగుతుంది. అరిగిన సిలిండర్లను హైదరాబాద్ తీసుకుపోయి బోరు చేయించి, ఒక సైజు పెద్ద పిస్టన్లు వేశాను. కంప్రెషన్ పెరగాలని రెండు హెడ్డులూ సన్నగా చెక్కించాను. వాల్వులు నా చేత్తో రుద్ది కూర్చోబెట్టాను. క్యామ్ షాఫ్ట్ మార్చాను. కార్బొరేటర్‌లో పెద్ద జెట్లు వేశాను. నెలన్నర పాటు అన్నం తింటున్నా నా కళ్ల ముందు ఆ ఇంజినే తిరిగేది.

ఇక నడిపి చూడాలి. మా తాండూరులో ఇంజిన్‌ను ఊరికే నేల మీద పెట్టి నడపరు. మందమైన బండ పరిచి, దానికి బోల్టులు దించి, దాని మీద బిగిస్తారు. ఆ బరువుకు ఇంజిన్ వణుకు అణిగిపోతుంది. తర్వాత బండ మీద నిండు చాయ్ గ్లాసు పెట్టి ఇంజిన్‌ను గట్టిగా రేజ్ చేస్తారు. చాయ్ తొణకకపోతే పని పాసయినట్టు. నేను షెడ్డులో చేరిన కొత్తలో బండ లేకుండా ఒక ఇంజిన్ నడిపి, ఉస్తాద్ చేత రెండు తగిలించుకున్నాను. ఆ పాఠం మళ్లీ మరిచిపోలేదు. మరిచిపోయినా బాగుండేది.

బోరు నీళ్లు పైపుతో పెట్టి చల్లబరుస్తూ స్టార్ట్ చేశాను. ఆ మోతకు పక్క యూనిట్లో పాలిష్ మిషన్లు ఆపి మరీ వచ్చారు జనం. చాయ్ తొణకలేదు.

“ఎట్లున్నది ఉస్తాద్?” అని అడిగాను.

“మంచిగున్నది.”

“మరి?”

“మరి ఏంది? బోటు ఉరకనీ. గప్పుడు పిలుస్త.”

ఇంజిన్ తీసుకుని వికారాబాద్ పోయాను. మోకాళ్ల వల్ల ఉస్తాద్ నాతో రాలేదు, ట్రయల్ రోజు బస్సులో వస్తానన్నాడు. అక్కడ నాకు తోడు బోటు డ్రైవరు బస్వరాజ్. సరిహద్దు అవతల సేడం వైపు మనిషి, మాట నెమ్మది.

బోటు వెనకవైపు ఇంజిన్ ఇదివరకు కూర్చున్న చోట నాలుగు రబ్బరు దిమ్మెలు కనిపించాయి. ఇంజిన్ కింద రబ్బరా అనుకున్నాను. ఎవడో పనిదొంగ, బండ మోయడానికి బద్ధకించి రబ్బరు పెట్టి చేతులు దులుపుకున్నాడు. వాటిని పీకి పొదల్లోకి విసిరేసి, తాండూరుకు ఫోన్ చేసి రెండు బండలు తెప్పించాను. నాలుగంగుళాల మందం. ఒక్కోదాన్ని ఆరుగురు మోశారు. షాఫ్టుకు సరిపోయేలా కింది చెక్క ఫ్రేము కోసి, రెండింటినీ పక్కపక్కన బోటు అడుగుకు దించి, వాటి మీద ఇంజిన్ బిగించాను.

“గీ బండలెందుకన్నా?” అని అడిగాడు బస్వరాజ్.

“వణకకుంట.”

“వణికితే ఏమైతది?”

“నాలుగు దినాలల్ల నట్లన్ని ఊడుతయి.”

అతను కాసేపు గడ్డం గోక్కున్నాడు. “నీళ్లల్ల బండ ఏస్తే ఏమైతదో మా ఊర్ల చిన్నపిల్లలకు గూడ ఎరుకన్నా.”

“ఉత్త బండయితే మునుగుతది. దీని మీద ఇంజిన్ ఉన్నది కద.”

నన్ను నమ్మండి, ఆ రోజు అది నాకు గట్టి వాదనగానే తోచింది. ఇప్పుడు రాసి చదువుకుంటుంటే నా మీద నాకే భయమేస్తోంది.

బోటు నీళ్లలోకి దించగానే వెనక భాగం కిందికి పోయింది. నీటికీ అంచుకూ మధ్య జానెడు మిగిలింది.

“అన్నా, ఇది ఎప్పుడు గింత దిగలే.”

“దమ్మున్న ఇంజిన్ కద, గట్టిగ కూసున్నది,” అన్నాను.

ట్రయల్ రోజు ఉస్తాద్ శుక్రవారం నమాజుకు వేసుకునే తెల్ల కుర్తాలో బస్సు దిగాడు. ఆ కుర్తా చూడగానే ఆయన ఎందుకొచ్చాడో నాకు అర్థమైంది, గుండె నిండిపోయింది. సార్ ఆయన్ని ఒడ్డున కుర్చీలో కూర్చోబెట్టాడు. రిసార్టు పనివాళ్లంతా చుట్టూ చేరారు. నేనూ బస్వరాజూ లైఫ్ జాకెట్లు తొడుక్కుని ఎక్కాం. ఇంజిన్ పెట్టె మూత తీసి, బండ మీద చాయ్ గ్లాసు పెట్టాను. ఒడ్డు వెంబడే ఒక చుట్టు నెమ్మదిగా తిరిగాం. చాయ్ తొణకలేదు.

“ఇగ ఫుల్ ఇయ్యి,” అన్నాను.

“ఇయ్యాల్నా అన్నా?”

“అరె, ఇయ్యి.”

ఇచ్చాడు. ఇంజిన్ గర్జించింది, అబద్ధమెందుకు, చెవులకు ఎంతో హాయిగా ఉంది. బోటు ముక్కు ఆకాశం వైపు లేచింది. వెనక భాగం మాత్రం మెత్తటి పరుపులో కూర్చున్నట్టు చెరువులోకి కూరుకుంది. అంత దమ్మూ బోటును ముందుకు కాకుండా కిందికే నెట్టింది.

“చాయ్ గ్లాసేది?” అని వెతుకుతున్నాను నేను.

“చాయ్ ఇడిచిపెట్టన్నా,” అన్నాడు బస్వరాజ్, గొంతు ఏమాత్రం పెంచకుండా. “చెరువు లోపలికొచ్చింది.”

చూసుకుంటే మోకాళ్ల దాకా నీళ్లు. బస్వరాజ్ ఒడ్డు వైపు తిప్పాడు కాబట్టి సరిపోయింది. ఛాతీ లోతులో బోటు కూర్చుండిపోయింది, ముక్కు మాత్రం బయట మిగిలింది. దాని పక్కన నేను. ఒడ్డు మీద తెల్ల కుర్తా. ఏడేళ్ల కష్టం ఆ నీళ్లలో కలిసిపోయిందనుకున్నాను. నీళ్లలో ఉన్నాను గనక నా ఏడుపు ఎవరికీ కనిపించలేదు.

ట్రాక్టరుతో గుంజి ఒడ్డుకు చేర్చాక బండలు అందరి కంటా పడ్డాయి.

“దమ్ము పెంచుమంటె ఇంట్ల ఏసినట్టు బోటుకు ఫర్షి ఏసినవేందయ్యా?” అన్నాడు సార్.

ఉస్తాద్ వంగి బండను చేత్తో తడిమి చూశాడు. “బండ లేకుంట ఇంజిన్ నడిపితే చెయ్యి ఇరగ్గొడ్త అని చెప్పింది నేనే సార్. గాడు నా మాట తప్పలే. కసూర్ నాది, గానిది కాదు.” ఆయన నన్ను కొట్టినా అంత నొప్పి కలిగేది కాదు.

తర్వాత బస్వరాజ్ వైపు తిరిగాడు. “ఇంజిన్ ఎప్పుడు బందయింది?”

“మొత్తం మునిగినంకనే. మునుగుకుంట గూడ ఒక్క దెబ్బ తప్పలే.”

సార్‌కు నవ్వు ఆగలేదు. “సరే, ఇంకొక్కపారి చూద్దాం,” అన్నాడు.

ఇంజిన్‌ను మళ్లీ తాండూరు తెచ్చి, నట్టు నట్టూ విప్పి ఆరబెట్టి, బేరింగులు మార్చి బిగించాను. పొదల్లో సగం రోజు వెతుకులాడి నాలుగు రబ్బరు దిమ్మెలూ ఏరుకొచ్చి, కోసిన ఫ్రేము సరిచేసి, బండలకు బదులు వాటి మీదే ఇంజిన్ కూర్చోబెట్టాను. దసరాకు రెండు రోజుల ముందు ఆరుగురిని ఎక్కించుకుని బోటు చెరువును చీల్చుకుంటూ పోయింది. తిరిగి ఒడ్డుకు రాగానే ఉస్తాద్ చెయ్యి అందించాడు. “దిగు ఉస్తాద్,” అన్నాడు, అందరూ వింటుండగా. ఆ చెయ్యి పట్టుకుని దిగాను.

ఇప్పుడు షెడ్డులో ఇద్దరు ఉస్తాదులం. గిరాకీ ఎవరైనా వచ్చి “ఉస్తాద్ ఉన్నడా?” అని అడిగితే, బయట కూర్చున్నవాళ్లు ఎదురు ప్రశ్న వేస్తారు: “ఏ ఉస్తాద్ కావాలె? పెద్ద ఉస్తాదా, ముంచిన ఉస్తాదా?”

కాబట్టి పాఠకుల సమక్షంలో, పూర్తి స్పృహతో, ఎవరి బలవంతమూ లేకుండా ప్రమాణం చేస్తున్నాను. నా కంఠంలో ప్రాణం ఉన్నంతవరకు, నీళ్ల మీద తేలే ఏ వస్తువులోనూ, అది బోటైనా, తెప్పయినా, మా బిడ్డ కాగితంతో చేసిన పడవైనా సరే, తాండూరు బండ వేయను. తాండూరు బండ దొరకలేదని షాబాద్ బండ కూడా వేయను.